రిఫరెన్స్ బల్ల దగ్గర ఏఐ: వాడొచ్చు, కానీ ‘ఎక్కడుంది’ అన్నది మనమే చూపించాలి

మీరు అడిగింది ఇదీ: చిత్తూరు జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయంలో కొత్తగా చేరారు. పాఠకుల ప్రశ్నలకు చాట్‌జీపీటీ, జెమినీ లాంటివి వాడదామంటే ఒక సీనియర్ వద్దే వద్దంటున్నారు. ఇంకో సీనియర్ కేటలాగు నుంచి నోటీసుల దాకా అన్నీ దాంతోనే కానిచ్చేయమంటున్నారు. ఎవరి మాట వినాలి, గీత ఎక్కడ గీయాలి?

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లా గ్రంథాలయాల్లో 26 ఏళ్ళు పనిచేశాను. చివరి పదేళ్ళు తిరుపతిలోనే గడిచాయి. నా జవాబు ముందే చెప్పేస్తాను. వాడండి. కానీ రెండు విషయాల్లో మాత్రం ఎవరు చెప్పినా సడలించొద్దు.

ఒకటి, పాఠకుడి చేతికి వెళ్ళే ఏ సమాచారమైనా పుస్తకంలోనో, అధికారిక పత్రంలోనో మీ కళ్ళతో చూశాకే వెళ్ళాలి. రెండు, పాఠకుడి పేరు, ఫోన్ నంబరు, అతను ఏం చదువుతున్నాడన్న సంగతి ఆ యంత్రానికి ఎప్పుడూ చెప్పకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే మా దగ్గర జరిగిన ఒక సంగతి వినాలి.

తిరుపతిలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే రిఫరెన్స్ బల్ల దగ్గర కూర్చుంటే అన్నమయ్య గురించి ప్రశ్న రాని వారం ఉండదు. సంగీతం నేర్పే ఒకావిడ వచ్చి, ఒక కీర్తన పల్లవి సగం చెప్పి, మిగతా చరణాలూ రాగమూ కావాలన్నారు. ఆ రోజు బల్ల దగ్గరున్న సహోద్యోగి ఫోన్లో ఏఐని అడిగాడు. క్షణాల్లో మూడు చరణాలు వచ్చాయి. చివర్లో వేంకటేశ ముద్ర ఉంది, రాగం పేరు ఉంది, ప్రతిపదార్థం కూడా ఉంది. ఆవిడ శ్రద్ధగా కాగితం మీద రాసుకుని, చెయ్యెత్తి దణ్ణం పెట్టి వెళ్ళారు. సాయంత్రం అతను నాకా సంగతి చెబితే, ఎందుకో మనసొప్పక టీటీడీ ముద్రించిన సంకీర్తనల సంపుటాలు దించి పల్లవుల సూచిక చూశాను. అవే మాటలతో మొదలయ్యే కీర్తన ఉంది. కానీ చరణాలు ఒక్కటీ కలవలేదు. రాగమూ వేరే. ఏఐ ఇచ్చిన చరణాలు ఆ సంపుటాల్లో మరెక్కడా నాకు దొరకలేదు.

అన్నమయ్య (1408–1503) కీర్తనలు మనదాకా వచ్చాయంటే రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి. ఆ రేకుల మీద రాగం పేరు ఉంటుంది కానీ స్వరం ఉండదు. వాటిని చదివి, పరిష్కరించి అచ్చులోకి తేవడానికి వేటూరి ప్రభాకర శాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ లాంటి పెద్దలు ఏళ్ళ తరబడి కూర్చున్నారు. అరిగిన అక్షరం ఒకటి తేల్చడానికి ఎంత తర్జనభర్జన పడి ఉంటారో! అలా దక్కిన సొత్తులోకి, మన బల్ల మీద నుంచి, ఎవరూ రాయని మూడు చరణాలు వెళ్ళిపోయాయి. ఆవిడ పదిమంది పిల్లలకు నేర్పితే ఏమవుతుంది? ‘ఎక్కడిది?’ అని ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పేది ఒకటే: ‘లైబ్రరీలో ఇచ్చారు’. ఆ రాత్రి నాకు పట్టిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పొద్దున్నే మెంబర్‌షిప్ రిజిస్టరులో నంబరు చూసి ఫోన్ చేసి, పొరపాటు జరిగిందని చెప్పి, సంపుటం పక్కన పెట్టి ఉంచుతామని రమ్మన్నాం. అదృష్టవశాత్తూ ఇంకా నేర్పడం మొదలుపెట్టలేదు.

ఆ సహోద్యోగి నిర్లక్ష్యపు మనిషి కాడు, పాఠకురాలికి సాయం చేయాలనే తపనతోనే చేశాడు. ఏఐ ఎలా పనిచేస్తుందో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. అది మన కేటలాగులా వెతికి తెచ్చి ఇచ్చేది కాదు. కోట్ల వాక్యాలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వస్తే సబబుగా ఉంటుందో లెక్కగట్టి రాసుకుంటూ పోతుంది. అన్నమయ్య శైలి దానికి కొంత తెలుసు కాబట్టి అన్నమయ్యలా రాస్తుంది. నిజంగా అన్నమయ్య రాశాడా అన్న లెక్క అందులో ఉండదు. ఇప్పుడు కొన్ని ఏఐలు ఇంటర్నెట్లో వెతికి లింకులు కూడా ఇస్తున్నాయి. అది మేలే. కానీ లింకు తెరిచి చూస్తే అక్కడ ఆ విషయం లేకపోవడం కూడా నాకు ఎదురైంది. పైగా ఇంగ్లీషుతో పోలిస్తే ఇంటర్నెట్లో తెలుగు రాత చాలా తక్కువ. మన జిల్లా గురించి, మన ఊళ్ళ గురించి ఇంకా తక్కువ. అందుకని ప్రశ్న ఎంత స్థానికమైతే ఏఐ తప్పు చెప్పే అవకాశం అంత ఎక్కువ అనుకోండి. మన దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం అలాంటివే.

ఇంకో ఉదాహరణ. ఒక శాఖలో నవంబర్ 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు ‘మన ప్రాంత కవులు, రచయితలు’ అని చార్టు కట్టారు. జాబితా ఏఐ ఇచ్చింది. అందులో తిరుపతి వేంకట కవులు ఉన్నారు! వాళ్ళు దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి అనే జంట కవులు, గోదావరి సీమ వాళ్ళు. తిరుపతి అన్నది అక్కడ మనిషి పేరు, ఊరి పేరు కాదు. రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన చార్టు ముందు నిలబడి, ఎవరినీ నొప్పించకుండా, మెల్లగా ఆ సంగతి చెప్పారు. అదే జాబితాలో మధురాంతకం రాజారాం గారి పేరు కింద నేనెన్నడూ వినని నవల పేరు ఒకటి ఉంది. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్లు తిరగేశాం, ఆయన కథలు బాగా చదివినవాళ్ళను అడిగాం, దొరకలేదు. రచయిత నిజం, పుస్తకం కల్పన. ఇలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం, ఎందుకంటే పక్కనున్న పేర్లన్నీ నిజమైనవే.

కాబట్టి నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. ఏఐ ఏది చెప్పినా నాలో నేను ‘ఎక్కడుంది?’ అని అడుగుతాను. పుస్తకం పేరు, పేజీ, లేకపోతే ప్రభుత్వ ఉత్తర్వు, అధికారిక వెబ్‌సైటు, ఏదో ఒకటి దొరకాలి. దొరికితే చిన్న స్లిప్పు మీద ఆ పుస్తకం పేరూ పేజీ నంబరూ రాసి పాఠకుడికి ఇస్తాను. దొరక్కపోతే ‘నాకు ఆధారం దొరకలేదమ్మా, రేపు సాయంత్రం దాకా టైమివ్వండి’ అని చెబుతాను. ఏఐ చెప్పిన జవాబు అప్పుడు జవాబుగా కాదు, ఏ రాక్‌లో వెతకాలో చెప్పే జాడగా పనికొస్తుంది. ఆ జాడగా మాత్రం నిజంగా బాగా పనికొస్తుంది. ఆ మాట కాదనను.

మన గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు చెప్పారు కదా, అందులో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమని. అన్నీ దాంతోనే చేయమంటున్న మీ సీనియర్ బహుశా దాన్నే గుర్తుచేస్తుండవచ్చు. కానీ ఆధారం లేని జవాబు పట్టుకుని వెళ్ళినవాడి మూడు రోజులు వృథా అవుతాయి. కొన్నిసార్లు మార్కులే పోతాయి.

మార్కుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన రీడింగ్ హాళ్ళలో ఎక్కువమంది డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే పిల్లలే. చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి నోట్సులో శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లాలో ఉందని చూశాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అది తిరుపతి జిల్లాలో ఉంది. ఆ నోట్సు మొత్తం ఏఐతో రాయించుకుంది. ఏఐ పాత వాక్యాలూ కొత్త వాక్యాలూ రెండూ చదివింది, ఏది ఎప్పటిదో తేల్చుకోలేదు. అప్పటి నుంచి పోటీ పరీక్షల వాళ్ళకు నేను చెప్పేది ఇది: జిల్లాలు, మండలాలు, పథకాలు, పదవుల్లో ఉన్నవాళ్ళ పేర్లు, నోటిఫికేషన్ తేదీలు, వయోపరిమితి లాంటివి ఏఐని అడగొద్దు. వాటికి అధికారిక వెబ్‌సైటు, పేపరు చూడండి. అర్థం కాని లెక్కను ఇంకో రకంగా వివరించమనడానికి, మీరు చదివిన పాఠం మీద ప్రశ్నలు తయారు చేయమనడానికి అడగండి. ఆ అమ్మాయి ఇప్పుడు అలాగే చదువుకుంటోంది.

ఇక రెండో గీత. నా దృష్టిలో మొదటిదానికన్నా ఇదే పెద్దది. తప్పు సమాచారం ఇస్తే పిలిచి దిద్దుకోవచ్చు. బయటికి పోయిన వివరాలు వెనక్కి రావు.

ఒకచోట పాత మెంబర్‌షిప్ ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించాలి. వందల్లో ఉన్నాయి, చేతిరాతలు, కొన్ని తడిసినవి. ఒక కుర్రాడు ఫోన్‌తో ఫొటోలు తీసి ఉచిత ఏఐ యాప్‌లోకి ఎక్కించి ఎక్సెల్ చేయడం మొదలుపెట్టాడు. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, కొన్నిటికి పిన్ను చేసిన ఆధార్ జిరాక్సులు, బడిపిల్లల ఫొటోలు! చూసిన వెంటనే ఆపించాను. అప్పటికే ముప్పై దాకా వెళ్ళిపోయాయి. వాటిని తుడిచేయడానికి ఆ యాప్‌లో ఉన్న దారులన్నీ వెతికాం, అకౌంటే తీసేశాం. అయినా అవతల పూర్తిగా పోయాయా లేదా తెలుసుకునే మార్గం మాకు లేదు. పైఅధికారికి రాతపూర్వకంగా తెలియజేశాం. మిగిలిన ఫారాలు నలుగురం కూర్చుని చేత్తోనే ఎక్కించాం, పదిహేను రోజులు పట్టింది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మన సభ్యుల్లో పిల్లలు ఎందరో మీకు తెలుసు. అయితే చట్టం ఉందని మాత్రమే కాదు. ఒకావిడ గృహహింస నిరోధక చట్టం మీద తెలుగు పుస్తకం కావాలని అడిగి, ఇంటికి తీసుకెళ్ళకుండా మూడు మధ్యాహ్నాలు మూలబల్ల దగ్గర కూర్చుని చదివి వెళ్ళారు. ఆ పుస్తకం చదివారన్న సంగతి ఇంట్లో తెలిస్తే ఆవిడ పరిస్థితి ఏమిటి? ఎవరు ఏం చదువుతున్నారన్నది మన దగ్గర దాచుకోమని ఇచ్చిన సొమ్ము లాంటిది. ‘మా పాఠకులకు ఏ పుస్తకాలు తెప్పిస్తే బాగుంటుంది’ అని ఏఐని అడగాలనుకుంటే ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రాసే ఇష్యూ రిజిస్టరు ఎక్కించకండి. ‘డీఎస్సీ అభ్యర్థులు, గృహిణులు, ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు ఎక్కువ’ అని మీరే రాయండి, చాలు. ప్రపంచ గ్రంథాలయ సంఘాల సమాఖ్య, అదే ఇఫ్లా, 2020లో ఏఐ మీద ఇచ్చిన ప్రకటనలో కూడా పాఠకుల గోప్యతకు పెద్దపీట వేశారు.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద జనం మనకు కడుతున్నారు. పాలు అమ్ముకునేవాళ్ళు, ఆటో తోలేవాళ్ళు కట్టిన డబ్బది. వాళ్ళ పిల్లల ఫొటోలు మన చేతి మీదుగా ఎక్కడికో పోవడం నేను ఊహించుకోలేను.

కేటలాగు గురించి. పుస్తకం ఏ రాక్‌లో ఉండాలో చెప్పే వర్గ సంఖ్య కోసం ఏఐని అడగొచ్చు, కానీ గుడ్డిగా పుస్తకం వెన్ను మీది స్పైన్ లేబుల్ మీద రాయకండి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. అందులో కవిత్వం 894.8271, నాటకం 894.8272, కథలూ నవలలూ 894.8273. నేను పరీక్షగా ఇరవై పుస్తకాలు ఇస్తే కొన్నిటికి 891తో మొదలయ్యే సంఖ్యలు వచ్చాయి. హిందీ, మరాఠీ లాంటి భాషలు ఆ 891 కింద వస్తాయి. ‘భారతీయ సాహిత్యం’ అనగానే అటువైపు పోయిందన్నమాట. తెలుగు ద్రావిడ భాష, తమిళ కన్నడాలతో పాటు 894.8 కింద ఉండాలి. అలా తప్పు లేబుల్ పడిన నవల హిందీ రాక్‌లోకి పోతే ఇక దాన్ని వెతికేవాడికి దొరకదు. పుస్తకం ఉండీ లేనట్టే.

పాత పుస్తకాలను స్కాన్ చేసి అక్షరాలుగా మార్చే పని ఉంటే ఇంకో జాగ్రత్త. అరసున్నలు, బండి ఱ ఎగిరిపోతాయి, ఒత్తులు తారుమారవుతాయి. అది కంటికి కనిపిస్తుంది కాబట్టి దిద్దుకోవచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. మన ప్రాంతపు కథ ఒకటి ఇచ్చి అచ్చుతప్పులు దిద్దమంటే, ‘చెనిక్కాయలు’ తీసి ‘వేరుశనగ’ పెట్టింది, ‘ఎనుము’ తీసి ‘గేదె’ పెట్టింది. దానికి అది తప్పుగా కనిపించింది. మనకు అది మన అవ్వ నోటి మాట. ఆ రచయిత ఆ మాట కోసమే ఆ వాక్యం రాసి ఉంటాడు. అందుకే ‘ఒక్క మాట కూడా మార్చొద్దు, అనుమానం ఉన్నచోట గుర్తు మాత్రం పెట్టు’ అని ముందే చెప్పాలి. చెప్పినా మూలంతో పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పానని వద్దే వద్దంటున్న సీనియర్ పక్షం అనుకోకండి. ఏఐ వల్ల మాకు మేలు జరిగిన పనులు చాలా ఉన్నాయి.

మన జిల్లాకు ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. సరిహద్దు శాఖల్లో తమిళ, కన్నడ పుస్తకాలు విరాళంగా వస్తుంటాయి. ఆ లిపి చదవగలిగినవాళ్ళు రిటైరై పోయారు. ఏళ్ళ తరబడి కట్టలు విప్పకుండా పడి ఉన్నవాటిని ఫోన్ కెమెరాతో అట్టమీది పేరు తెలుగులోకి మార్చుకుని, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం రాసుకుని, ఆ భాష వచ్చిన ఒక పాఠకుడితో సరిచూయించి యాక్సెషన్ చేశాం. వాటి కోసం వచ్చిన ఒక పెద్దాయన కళ్ళలో సంతోషం చూశాక ఆ శ్రమంతా మరిచిపోయాను.

చూపు లేని విద్యార్థి ఒకతను పోటీ పరీక్షకు చదివేవాడు. పేజీని చదివి వినిపించే యాప్ అతని ఫోన్లో ఎలా వాడాలో కూర్చుని నేర్పాం. తెలుగు ఉచ్చారణ అక్కడక్కడా తేడాగా ఉన్నా, చదివిపెట్టే మనిషి కోసం ఎదురుచూడాల్సిన అవసరం చాలావరకు తప్పింది.

నోటీసులు, ఉత్తరాలు, వేసవి శిబిరం కార్యక్రమాల చిత్తు ప్రతి, ఎక్సెల్‌లో లెక్కలు వీటికి ధైర్యంగా వాడండి. అడిగేటప్పుడు విషయం మీరే ఇవ్వండి. ఉదాహరణకు: ‘ఈ కింద ఉన్న సమాచారంతో నోటీసు రాయి. సులభమైన తెలుగులో ఆరు వాక్యాలు చాలు. ఇందులో లేనిది ఏదీ కలపొద్దు.’ ఇలా అడిగితే కల్పన బాగా తగ్గుతుంది. అయినా తేదీలు, సమయాలు ఒకసారి చూసుకున్నాకే బోర్డుకు అంటించండి.

జబ్బులు, మందుల మోతాదు, కోర్టు కేసులు: ఇవి అడిగితే ఏఐ జవాబు చదివి వినిపించకండి, మీ సొంత జవాబూ చెప్పకండి. పుస్తకం ఉంటే చూపించండి, డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి. న్యాయ సహాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. కోచింగ్ పుస్తకం మొత్తం స్కాన్ చేసి ఏఐకి ఎక్కించి నోట్సు చేయించమని పిల్లలు అడుగుతారు. కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక కూడా 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది, కాబట్టి లైబ్రరీ కంప్యూటర్లో ఆ పని చేయనివ్వకండి.

రేపటి నుంచి మీరు చేయాల్సింది చెబుతాను. ఏ పనులకు వాడతారో, ఏవి చేయరో ఒక పేజీ రాసి, మీ పై లైబ్రేరియన్ ద్వారా జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట అనుమతి మీద ఆధారపడొద్దు. ఏదైనా జరిగితే కొత్తగా చేరినవాళ్ళ మీదకే వస్తుంది. సొంత ఫోన్లో కాకుండా ఆఫీసు కంప్యూటర్లో, ఆఫీసు అకౌంటుతో వాడండి. మీ మాటలను ఏఐ శిక్షణకు వాడుకోకుండా ఆపే సెట్టింగు చాలా యాప్‌లలో ఉంటుంది, మొదటి రోజే దాన్ని ఎంచుకోండి.

బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పాఠకుడి పేరు రాయకుండా, అడిగిన ప్రశ్న, ఏఐ చెప్పింది, పుస్తకంలో దొరికింది, మూడు గళ్ళలో రాయండి. నేను ఇలా రెండు నెలలు రాసి మా సిబ్బంది సమావేశంలో చదివాను. అప్పటిదాకా వాదించుకున్న వాళ్ళంతా ఆ గళ్ళు చూసి, ఏ ప్రశ్నకు వాడాలో, దేనికి వద్దో తామే జాబితా వేశారు. మీ సీనియర్లు ఇద్దరికీ మీరు వాదించి చెప్పడం కన్నా అది చూపించడం తేలిక.

మీది పలమనేరు, కుప్పం వైపు శాఖ అయి, విప్పని తమిళ, కన్నడ పుస్తకాల కట్టలు ఉంటే మాత్రం నాకు ఒక మాట చెప్పండి. తమిళానికి 894.811, కన్నడానికి 894.814. మేము వాడిన యాక్సెషన్ పట్టిక నమూనా నా దగ్గర ఉంది, పంపిస్తాను.